ఊరిని మింగిన గని, ఊరు రాబట్టుకున్న బడి

మా జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టరు గది గోడకు ఒక చెక్క బోర్డు ఉండేది. నల్ల రంగు మీద తెల్ల పెయింటుతో, ఏ ఏడాది పదో తరగతిలో ఎవరు ఫస్టొచ్చారో వరసగా రాసి ఉండేది. దాని కింద ఇంకో చిన్న బోర్డు. అక్కడ చదువుకుని డాక్టర్లు, ఇంజినీర్లు, ఆఫీసర్లు అయినవాళ్ల పేర్లు దాని మీద. బడికి పెద్దవాళ్లు ఎవరు వచ్చినా ముందు ఆ బోర్డుల దగ్గరికే తీసుకెళ్లేవారు. గోడలకు పెచ్చులూడుతున్నా, సైన్సు ల్యాబుకు తాళం పడి ఏళ్లు గడిచినా, బోర్డు మీద మాత్రం ఏటా కొత్త పెయింటు పడేది.

ఒక బడి గొప్పదని చెప్పడానికి మనకు చేతికందే సాక్ష్యం అక్కడ చదివినవాళ్ల పేర్లే. ఆ సాక్ష్యం ఎంతవరకు నిలబడుతుందో చూడాలంటే నాకు తెలిసిన మంచి ఉదాహరణ అమెరికాలో మినెసోటా రాష్ట్రం ఉత్తర భాగంలో ఉన్న హిబ్బింగ్ హైస్కూలు. ఊరి జనాభా ఇప్పుడు 16 వేల పైచిలుకు. ఆ బడిలో చదివిన ఒకాయనకు సాహిత్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఒకరు బాస్కెట్‌బాల్‌లో పేరుమోసిన ఆటగాడు. ఇంకొకరు రాష్ట్రానికి గవర్నరు, అంటే ఓట్లతో ఎన్నికయ్యే, మన ముఖ్యమంత్రి లాంటి పదవి. బోర్డు మీద రాసుకోవడానికి అంతకంటే ఏం కావాలి! కానీ ఆ బడి కథ పేర్లతో మొదలుపెడితే అర్థం కాదు. డబ్బుతో మొదలుపెట్టాలి. ఎవరి డబ్బు, ఎవరు వసూలు చేశారు, ఎందుకు ఇవ్వక తప్పలేదు?

అంతకుముందు ఒక మాట. మన దగ్గర గేటు మీద 'పబ్లిక్ స్కూల్' అని కనబడితే, అది ఫీజులు కట్టి చదివే ప్రైవేటు బడి అని అర్థం. అమెరికాలో పబ్లిక్ స్కూల్ అంటే ఫీజు లేని సర్కారు బడి. అయితే మన సర్కారు బడికీ దానికీ డబ్బు వచ్చే దారి వేరు. మన జిల్లా పరిషత్ బడి అయినా, మున్సిపల్ బడి అయినా టీచర్ల జీతాలు రాష్ట్ర ఖజానా నుంచి వస్తాయి. మనం ఊళ్లో కట్టే ఇంటిపన్నులో గ్రంథాలయ సెస్సు కనిపిస్తుంది గానీ, ఆ పన్నుకూ ఊరి హైస్కూలుకూ నేరుగా ముడి లేదు. అమెరికాలో చాలాచోట్ల బడుల కోసమే స్కూల్ డిస్ట్రిక్ట్ అని ఒక స్థానిక సంస్థ ఉంటుంది. దాని బోర్డును ఊరివాళ్లే ఓట్లేసి ఎన్నుకుంటారు. ఆ బోర్డు తన పరిధిలోని ఇళ్లు, దుకాణాలు, భూముల విలువ మీద పన్ను వేసి బడి నడుపుతుంది. ఊళ్లో ఆస్తుల విలువ ఎక్కువైతే బడికి డబ్బు బాగా వస్తుంది. ఊరు బీదదైతే బడీ బీదదే. ఈ లెక్క ఒక్కటి మనసులో పెట్టుకుంటే హిబ్బింగ్ సంగతి విడమరిచి చెప్పడం తేలిక.

హిబ్బింగ్ ఊరు 1893లో వెలిసింది. ఇనుము కోసం అడవిలో వెతుకుతూ వచ్చిన ఫ్రాంక్ హిబ్బింగ్ అనే జర్మన్ వలసదారు పేరే ఊరికి పెట్టారు. మెసాబి రేంజ్ అనే ఆ ఇనుప నేల మీద ఖనిజం పైపైనే, మెత్తగా దొరికేది. సొరంగాలు తవ్వి లోపలికి దిగే పని చాలాచోట్ల లేదు, పైమట్టి తీసేస్తే చాలు. సింగరేణి ప్రాంతం వాళ్లకు 'ఓసీ', అంటే ఓపెన్‌కాస్ట్ గని, అంటే ఇక వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడి హల్-రస్ట్-మహోనింగ్ గని అలా పెరిగి పెరిగి 3 మైళ్లకు పైగా పొడవు, 2 మైళ్ల వెడల్పు, 535 అడుగుల లోతు అయింది. రెండు ప్రపంచ యుద్ధాల కాలంలో అమెరికా తవ్విన ఇనుప ఖనిజంలో నాలుగో వంతు దాకా ఈ ఒక్క గోతిలోంచే వెళ్లిందని లెక్క. రైళ్లలో సుపీరియర్ సరస్సు రేవులకు, అక్కడి నుంచి ఓడల్లో ఉక్కు ఫ్యాక్టరీలకు.

తవ్వినవాళ్లు ఫిన్లాండ్, స్లొవీనియా, క్రొయేషియా, ఇటలీ, సెర్బియా, స్వీడన్ లాంటి దేశాల నుంచి కూలి కోసం వచ్చినవాళ్లు. ఒకరి భాష ఇంకొకరికి రాదు. 1907లో ఒకసారి, 1916లో ఇంకోసారి రేంజ్ అంతటా సమ్మెలు చేశారు. రెండూ అణిచివేతతోనే ముగిశాయి. 1907 తర్వాత సమ్మెలో ముందున్న ఫిన్లాండ్ వాళ్ల పేర్లు బ్లాక్‌లిస్టులో పెట్టి పని ఇవ్వడం మానేశారు.

సమ్మెలో గెలవలేనివాళ్లు ఓటుతో గెలిచిన చోటు బడి. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఈ మలుపే, అందుకే ఇక్కడ కాస్త ఆగి చెబుతాను.

స్థానిక పన్ను ఆస్తి విలువ మీద పడుతుందని అనుకున్నాం కదా. హిబ్బింగ్‌లో అన్నిటికంటే విలువైన ఆస్తి నేలలో ఉన్న ఖనిజం. అది గని కంపెనీలది. వాటిలో పెద్దది యు.ఎస్. స్టీల్‌కు చెందిన ఆలివర్ ఐరన్ మైనింగ్ కంపెనీ. కార్మికుడి ఇంటి మీద పడే పన్ను ఎంత, ఖనిజం మీద పడే పన్ను ఎంత! పన్నులో సింహభాగం కట్టాల్సింది కంపెనీలే. కానీ కంపెనీకి ఓటు లేదు. ఓటు ఉన్నది ఊళ్లో కాపురం ఉంటున్న మనుషులకు. అంటే పన్ను ఎంత వెయ్యాలో తేల్చేది ఒకరు, కట్టేది ఇంకొకరు. పైగా ఫ్యాక్టరీ అయితే పన్ను ఎక్కువైందని మూసేసి వేరే రాష్ట్రానికి తరలించుకుపోవచ్చు. గనిని మూటగట్టుకుని పోలేరు కదా.

1913లో విక్టర్ పవర్ అనే లాయరు ఊరి పెద్దగా ఎన్నికయ్యాడు. మన సర్పంచ్, మున్సిపల్ చైర్మన్ లాంటి పదవి. అతను ఈ లెక్కను పూర్తిగా వాడుకున్నాడు. గనుల మీద పన్ను గట్టిగా వేసి రోడ్లు, దీపాలు, నీళ్లు, పార్కులు తెచ్చాడు. కంపెనీలు దుబారా అని గోల పెట్టాయి, కోర్టులకెక్కాయి, రాష్ట్ర శాసనసభలో ఒత్తిడి తెచ్చాయి. 1920ల మొదట్లో ఊళ్లు తలకు ఇంతకు మించి పన్ను వేయకూడదని శాసనసభ పరిమితి పెట్టింది. 1922లో రాజ్యాంగ సవరణ చేసి ఖనిజం మీద రాష్ట్రమే ఒక పన్ను వేసుకుంది. అందులో కొంత రాష్ట్రమంతటి బడుల శాశ్వత నిధికి, కొంత యూనివర్సిటీకి వెళ్లేలా రాసుకున్నారు. ఊరి చేతిలో ఉన్న పగ్గం అప్పటి నుంచి కొద్దికొద్దిగా జారుతూ వచ్చింది. హైస్కూలు కట్టడం మాత్రం ఆ పగ్గం ఇంకా ఊరి చేతిలో ఉన్న రోజుల్లోనే మొదలైంది.

మన దగ్గర 2015 నుంచి గనులున్న జిల్లాల్లో జిల్లా ఖనిజ నిధి అని పెట్టారు. పాత లీజులైతే రాయల్టీలో 30 శాతం, కొత్తవైతే 10 శాతం దానికి జమ కావాలి. గని ప్రభావం పడిన ఊళ్లకు చదువు, వైద్యం, తాగునీరు అందించడానికే ఆ డబ్బు. ఉద్దేశం మంచిదే. కానీ ఎంత జమ కావాలో, ఎక్కడ ఖర్చు పెట్టాలో గని పక్కన బతికేవాళ్లు ఓటేసి తేల్చరు. హిబ్బింగ్‌లో అదే తేడా.

ఇక ఊరి తరలింపు సంగతి. తవ్వుతూ పోగా మంచి ఖనిజం సరిగ్గా ఊరి కిందే ఉందని తేలింది. మూడు వైపులా గోతులు, మధ్యలో ఊరు. చివరికి ఊరు దక్షిణంగా రెండు మైళ్ల దూరంలో ఉన్న ఆలిస్ అనే చోటికి కదలాలని నిర్ణయమైంది. 1919 నుంచి 1921 మధ్య దాదాపు 185 ఇళ్లు, 20 వ్యాపార భవనాలు కదిలాయి. కూలగొట్టి మళ్లీ కట్టడం కాదు, ఉన్న ఇంటిని ఉన్నట్టే కదిలించారు. ఇంటిని జాకీలతో పైకి లేపి, కింద దుంగలు పరిచి, గుర్రాలతో, ఆవిరి యంత్రాలతో లాగేవారు. వెనక వదిలిన దుంగను తీసుకొచ్చి మళ్లీ ముందు పెట్టాలి. అలా అడుగడుగూ రెండు మైళ్లు. సెల్లర్స్ హోటల్ అనే పెద్ద భవనం దారిలో దుంగల మీంచి జారి కుప్పకూలింది. ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు ఇళ్లు కదులుతూనే ఉన్నాయి. ఇంతకీ హిబ్బింగ్ నుంచి ఆలిస్‌కు 1914లో కార్ల్ విక్‌మన్ అనే స్వీడన్ వలసదారు ఒక ఏడు సీట్ల కారులో 15 సెంట్లకు మనుషుల్ని చేరవేయడం మొదలుపెట్టాడు. గ్రేహౌండ్ బస్సు కంపెనీ పుట్టింది ఆ కారులోనే.

ఊరు కదలమంటే ఊరికే కదులుతుందా? ఇళ్లు, దుకాణాలు, ఆసుపత్రి, బడి అన్నీ కొత్త చోట కావాలి. అక్కడ కట్టిన వాటిలో అన్నిటికన్నా ఖరీదైనది హైస్కూలు. 1920లో పని మొదలైంది. అయిన ఖర్చు 39 లక్షల డాలర్లకు పైనే. అప్పుడు ఊళ్లో ఉన్నది 15 వేల మంది. కంపెనీ దయతలచి బడి కట్టించిందని కొందరు రాస్తుంటారు. నేను ఒప్పుకోను. గనుల మీద ఊరికి చట్టప్రకారం రావాల్సిన పన్ను అది, ఊరిని పెకలించినందుకు దక్కాల్సిన పరిహారం అది. హక్కుగా రాబట్టుకున్నదాన్ని దానం అనడం, రాబట్టడానికి కొట్లాడినవాళ్లను మర్చిపోవడమే.

లోపల ఏముందో చూస్తే ఆ కొట్లాట విలువ తెలుస్తుంది. ఇంగ్లిష్ 'ఇ' అక్షరం ఆకారంలో ఇటుక భవనం. మెట్ల పక్కన ఇత్తడి కడ్డీలు. లోపల ఈతకొలను. ఆడిటోరియంలో దాదాపు 1,800 సీట్లు, న్యూయార్క్‌లోని క్యాపిటల్ థియేటర్‌ను చూసి కట్టారు. పైన వేలాడే గాజు షాండిలియర్లు చెకోస్లొవేకియా నుంచి తెప్పించారు. వేదిక పక్కన బార్టన్ కంపెనీ పైపు ఆర్గన్. పగలంతా ఎర్రదుమ్ములో పనిచేసే మనిషి సాయంత్రం తన పిల్లల నాటకం చూడటానికి వచ్చి ఆ షాండిలియర్ల కింద కూర్చునేవాడు. ఇంటికి వెళ్తే రెండు గదులు. మా పిల్లలకు 'సరిపోయేంత' బడి చాలని ఆ తల్లిదండ్రులు అనుకోలేదు. అన్నిటికన్నా మంచిదే కావాలని పట్టుబట్టారు. దాన్ని దుబారా అన్నవాళ్లు కంపెనీ ఆఫీసర్ల ఇళ్లను దుబారా అన్నారా?

ఇప్పుడు పేర్ల దగ్గరికి వద్దాం. ఇలాంటి జాబితాల్లో జరిగే మొదటి తప్పు, ఊరినీ బడినీ కలిపేయడం. బేస్‌బాల్‌లో ఒకే సీజన్‌లో 61 హోమ్ రన్స్ కొట్టిన రోజర్ మారిస్ హిబ్బింగ్‌లో పుట్టాడు, కానీ హైస్కూలు చదివింది నార్త్ డకోటాలోని ఫార్గోలో. హంతక ముఠా నాయకుడు చార్లెస్ మాన్సన్ కేసు వాదించిన ప్రాసిక్యూటర్ విన్సెంట్ బుగ్లియోసీ పుట్టింది కూడా హిబ్బింగ్‌లోనే, హైస్కూలు పూర్తి చేసింది హాలీవుడ్‌లో. వాళ్ల ఘనతలో ఈ బడికి వాటా లేదు. నిజంగా ఇక్కడ చదివిన ముగ్గురిని తీసుకుందాం.

మొదట అందరూ చెప్పుకునే పేరు, పాటల రచయిత, గాయకుడు బాబ్ డిలన్. 1941లో డులూత్‌లో పుట్టి, చిన్నప్పుడే హిబ్బింగ్ వచ్చాడు. బడిలో పేరు రాబర్ట్ జిమ్మర్‌మన్. తండ్రికి ఊళ్లో ఫ్రిజ్‌లు, స్టవ్‌లు అమ్మే దుకాణం. 1959లో హైస్కూలు పూర్తి చేశాడు. ఆ ఏడాది స్కూలు ఇయర్‌బుక్‌లో అతని ఫోటో కింద ఆశయం ఏమిటంటే, రాక్ గాయకుడు లిటిల్ రిచర్డ్‌తో కలిసి పాడటం. అంతకుముందు ఏడాది అదే ఆడిటోరియంలో తన బ్యాండ్‌తో పియానో ముందుకొచ్చి గొంతు చించుకుని పాడుతుంటే, ఆ రొద భరించలేక ప్రిన్సిపాల్ మైకులు ఆపించేశారు. 2016లో నోబెల్ ఇచ్చిన పాటల రచయితకు బడి ఇచ్చిన తొలి స్పందన అది! అలాగని బడి ఏమీ ఇవ్వలేదని అనలేం. 1,800 మంది కూర్చునే హాలు, మైకులు, పియానో ఉన్నాయి కాబట్టే ఆపడానికైనా వీలైంది. బి.జె. రోల్ఫ్‌జెన్ అనే ఇంగ్లిష్ మాస్టారు ఉన్నారు. ఆయన క్లాసులో ఈ మాట్లాడని కుర్రాడు ముందు వరసలో కూర్చునేవాడని తర్వాత ఆయనే గుర్తు చేసుకున్నారు. ఊరు మాత్రం అతని పాటలోకి వచ్చింది. 1964 నాటి 'నార్త్ కంట్రీ బ్లూస్' ఇనుప గనుల ఊళ్లో ఒక ఇల్లాలు చెప్పుకునే కష్టం. దక్షిణ అమెరికాలో కూలి చవక అని ఇక్కడి గని మూసేస్తారు, పిల్లలు ఊరొదిలి పోతారు.

రెండో పేరు కెవిన్ మెక్‌హేల్. గని కార్మికుడి కొడుకు, ఎత్తు ఆరడుగుల పది అంగుళాలు. 1976లో హైస్కూలు ముగించే నాటికి రాష్ట్రంలోకెల్లా మేటి ఆటగాడు. తర్వాత అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో బాస్టన్ సెల్టిక్స్ జట్టుకు 13 సీజన్లు ఆడి మూడు టైటిళ్లు గెలిచాడు.

మూడో పేరు మన తెలుగువాళ్లలో చాలామంది విని ఉండరు, నాకు మాత్రం ఈ ముగ్గురిలో బడి విలువ బాగా తెలిపేది ఆయన జీవితమే. రూడీ పెర్పిచ్. హిబ్బింగ్ పక్కనే కార్సన్ లేక్ అనే గని వాడలో 1928లో పుట్టారు. తండ్రి క్రొయేషియా నుంచి వచ్చిన కార్మికుడు. ఇంట్లో మాట్లాడేది క్రొయేషియన్, ఇంగ్లిష్ నేర్చుకుంది బడికి వెళ్లాకే. 1946లో హిబ్బింగ్ హైస్కూలు పూర్తి చేసి, ఊళ్లోనే ఉన్న జూనియర్ కాలేజీలో చదివి, దంతవైద్యుడై మళ్లీ హిబ్బింగ్‌కే వచ్చి ప్రాక్టీసు పెట్టారు. 1950ల చివర్లో డిలన్ ఆ బడిలో చదువుతున్నప్పుడు పెర్పిచ్ స్కూల్ బోర్డు సభ్యుడు. అక్కడి నుంచి రాష్ట్ర సెనేట్, లెఫ్టినెంట్ గవర్నరు పదవి, ఆ తర్వాత 1976 నుంచి 79 వరకు, మళ్లీ 1983 నుంచి 91 వరకు గవర్నరు. మినెసోటాలో అంతకాలం గవర్నరుగా ఉన్నవాళ్లు ఇంకెవరూ లేరు. మినియాపొలిస్ వైపు వెళ్లిన ప్రతి తెలుగు కుటుంబం చూసొచ్చే మాల్ ఆఫ్ అమెరికా వెనకా ఆయన పట్టుదల ఉంది. కానీ ఆయన మనసు పెట్టింది చదువు మీద. హైస్కూలు పిల్లలు రాష్ట్రం ఖర్చుతో కాలేజీ కోర్సులు చదివే చట్టం 1985లో తెచ్చారు. కళల కోసం ఒక ప్రభుత్వ హైస్కూలు పెట్టించారు, దానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. బోర్డు సభ్యుడిగా బడ్జెట్ లెక్కలు చూసిన మనిషికి, మంచి బడి వల్ల ఏం జరుగుతుందో తన ఒంటి మీదే తెలుసు.

మరి ఇదే లెక్కలో చేదు భాగం కూడా ఉంది. గని ఉన్న ఊరికి షాండిలియర్లు వస్తే, పక్కన గని లేని రైతుల ఊరికి ఏం రావాలి? ఆస్తి విలువతో బడిని ముడిపెట్టే పద్ధతిలోనే ఆ అన్యాయం ఉంది. టెక్సాస్‌లో ఒక బీద స్కూల్ డిస్ట్రిక్ట్ తల్లిదండ్రులు దీని మీద వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఈ తేడాలు దేశ రాజ్యాంగానికి విరుద్ధం కావని 1973లో కోర్టు 5-4 మెజారిటీతో తేల్చింది. మినెసోటా దానికి రెండేళ్ల ముందే వేరే దారి పట్టింది. 1971లో బడుల ఖర్చులో రాష్ట్రం వాటాను మూడింట రెండు వంతుల దాకా పెంచారు. 'మినెసోటా మిరకిల్' అని పేరు పడ్డ ఆ మార్పు జరిగినప్పుడు లెఫ్టినెంట్ గవర్నరు పెర్పిచే. అప్పటికి హిబ్బింగ్‌కు కూడా ఆ మార్పు అవసరమే. సులభంగా దొరికే మేలురకం ఖనిజం 1950ల నాటికి అడుగంటసాగింది. మిగిలిన గట్టి టాకొనైట్ రాయిని పొడి చేసి ఇనుము తీయాలి. ఆ ఖర్చు కంపెనీలు పెట్టాలంటే పన్ను తగ్గించక తప్పలేదు. టాకొనైట్‌కైతే నేలలో ఉన్న ఖనిజం విలువ మీద కాక, తీసిన ప్రతి టన్ను మీద పన్ను వేసేలా 1941లోనే చట్టం మార్చారు. తవ్వితేనే పన్ను. ఉక్కు ధర పడిపోయి తవ్వకం ఆగితే బడికి వచ్చే డబ్బూ ఆగుతుంది.

1988లో పెర్పిచ్ ఇంకో అడుగు వేశారు. పిల్లలు తమ ఊరి బడిలోనే చదవాలన్న నియమం తీసేసి, వేరే డిస్ట్రిక్టు బడిలోనైనా చేరవచ్చన్నారు. ఆ పిల్లవాడికి రాష్ట్రం ఇచ్చే డబ్బు కూడా వెంట వెళ్తుంది. దేశంలో అలాంటి చట్టం తెచ్చిన తొలి రాష్ట్రం మినెసోటా. ఏ ఊళ్లో పుట్టావన్నదాన్ని బట్టి నీ చదువు తేలకూడదన్నది ఆయన వాదన, అందులో న్యాయం ఉంది. కానీ పిల్లలు తగ్గిపోతున్న చిన్న ఊళ్ల బడులకు ఒక్కో పిల్లవాడు వెళ్లిపోవడం అంటే ఒక టీచరు పోస్టు మీద దెబ్బ. పైగా రోజూ పాతిక మైళ్లు కారులో దింపగలిగిన తల్లిదండ్రుల పిల్లలకే ఆ హక్కు పనికొస్తుంది. ఊరంతా కలిసి ఒక్క బడి కోసం పట్టుబట్టిన పద్ధతి వేరు, ఎవరి పిల్లలకు వాళ్లు మంచి బడి వెతుక్కునే పద్ధతి వేరు. మన ఊళ్లలో జిల్లా పరిషత్ బడి ఖాళీ అయి, సందు చివర కాన్వెంటు బస్సు నిండుతున్నప్పుడు జరుగుతున్నది కూడా ఈ రెండో పద్ధతే.

పేర్ల జాబితా ఈ సంగతులేవీ చెప్పదు. డిలన్ ఒక్కడి వల్ల ఆ బడి గొప్పదైతే, అతను పుట్టకముందు దాదాపు ఇరవై ఏళ్లు అక్కడ చదివినవాళ్ల మాటేమిటి? వాళ్లలో నర్సులు, టీచర్లు, రైలు గార్డులు, గుమాస్తాలు, మళ్లీ గనికే వెళ్లినవాళ్లు ఉన్నారు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష వింటూ పెరిగి, ఆ మెట్లెక్కి ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. బోర్డు మీదికి ఎక్కేది ముగ్గురే. పన్ను కోసం కొట్లాట జరిగింది మాత్రం అందరి కోసం.

ఆ హైస్కూలు లైబ్రరీలో గోడ పొడవునా ఒక పెద్ద చిత్రం ఉంది. డేవిడ్ వర్క్‌మన్ అనే చిత్రకారుడు వేశాడు. పారలు, గునపాలు పట్టుకుని ఇనుప ఖనిజం తవ్వుతున్న మనుషులు అందులో ఉంటారు. ఆ గనులకు వలస వచ్చిన రకరకాల దేశాలవాళ్లు. కింద పిల్లలు కూర్చుని చదువుకుంటారు. ఆ బొమ్మలో ఎవరి కిందా పేరు లేదు.